మూడింటికి మెలకువ

మా ఇంట్లో రొయ్యల కూర వండరు.

నెల్లూరు వాళ్లం ఈ మాటంటే ఎవరూ నమ్మరు. చేపల పులుసుకి పేరుపడ్డ ఊరు, సముద్రం పక్కనే. 'రొయ్యలు తినరా మీరు?' అని ఆఫీసులో లంచ్ డబ్బాలు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. 'పడదు' అని చెప్పి ఊరుకుంటాను. ఎవరికి పడదో చెప్పను. పడనిది మా నాయనకి. ఒంటికి కాదు.

అలాంటి ఇంటి ఆడపిల్లని నేను, హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో, రెండడుగుల గాజుతొట్టెలో రొయ్యల్ని పెంచుతున్నాను.

ఇదంతా మావాడి పుణ్యం. 2023 జులైలో వాడి ఎనిమిదో పుట్టినరోజుకి ముందు కుక్కపిల్ల కావాలన్నాడు. బేరం చివరికి చేపల దగ్గర తెగింది. హమ్మయ్య అనుకున్నాను. తొట్టె, మోటారు, లైటు, రంగురాళ్లు, నాలుగు రకాల మొక్కలు, పది నియాన్ టెట్రాలు... అన్నీ ఒకే రోజు కొన్నాం. ఆ సాయంత్రమే నీళ్లు పోసి, ఆ సాయంత్రమే చేపల్ని వదిలేశాం. వారం తిరక్కుండా నాలుగు చచ్చిపోయాయి. చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుందనీ, దాన్ని తినే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, అంతదాకా ఓపిక పట్టాలనీ తర్వాత తెలిసింది. షాపులో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

సెప్టెంబరుకల్లా పాచి మొదలైంది. అందంగా కనబడుతుందని తొట్టెని కిటికీ పక్కనే పెట్టాను. ఎండ సరిపోదన్నట్టు పొద్దున వేసిన లైటు రాత్రి పడుకునేటప్పుడు ఆర్పేవాళ్లం. ఇంకేం... గాజు మీద పచ్చటి పొర, ఆకుల అంచున జుట్టులా వేలాడే నాచు. ఆదివారం ఆదివారం స్క్రబ్బర్ పట్టుకుని తోమడం, బుధవారానికి మళ్లీ మామూలే. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే టార్చి వేసి 'చేపలున్నాయా, అమ్మేశావా?' అని వెతికేవాడు.

నాచుకి మందు వెయ్యాలా, జీవాన్ని వెయ్యాలా అని వెతుకుతుంటే ఒకాయన సంగతి తెలిసింది. తకాషి అమానో. జపాన్‌లోని నీగాటా ఆయనది. స్వతహాగా ఫొటోగ్రాఫరు. అడవుల్ని పెద్ద పెద్ద కెమెరాలతో తీసేవాడు. ఆ అడవినే నీటిమొక్కలతో గాజుతొట్టెలో కట్టడం మొదలుపెట్టి, 1982లో ఆ పనికే ఓ కంపెనీ పెట్టాడు. 2015లో పోయాడు. మొక్కలకు పట్టే నాచుని తినే జీవిగా ఓ వాగు రొయ్యని తొట్టెల్లోకి తెచ్చి వాడుకలో పెట్టింది ఆయనే. రెండంగుళాలుంటే ఎక్కువ. ఒళ్లు గాజులా ఉంటుంది, పక్కలమ్మట చుక్కల గీతలు. ఇప్పుడు లోకమంతా దాన్ని 'అమానో రొయ్య' అనే పిలుస్తోంది. 'రొయ్యకు లేదా బారెడు మీసం' అని వెటకారమాడే జాతి మనది. అక్కడేమో రొయ్యకి మనిషి పేరు పెట్టి గౌరవించారు!

అక్టోబరులో రెండు అమానోలు, పది చెర్రీ రొయ్యలు తెచ్చాను. అమానో ఖరీదెక్కువ కాబట్టి రెండే. చెర్రీ చవక, పైగా ఎర్రగా ముద్దుగా ఉంటుంది. దాని పుట్టిల్లు చైనా, తైవాన్ వైపు. అక్కడి వాగుల్లో మట్టిరంగులో ఉండేదాన్ని ఏరి ఏరి పెంచి ఈ ఎరుపు తెప్పించారు.

అవి తినడం చూసి తీరాలి. ముందు కాళ్ల చివర చిన్న కుంచెల్లాంటి వెంట్రుకలు. ఒక చేత్తో గీరడం, నోట్లో పెట్టుకోవడం, ఈలోగా రెండో చెయ్యి గీరడం. వంటింట్లో చేయి తిరిగిన అత్తగారిలా ఒక్క క్షణం ఖాళీగా ఉండవు. మావాడు పెద్ద అమానోకి 'మేస్త్రీ' అని పేరు పెట్టాడు. పదిహేను రోజుల్లో మొక్కలు తేటపడ్డాయి.

నవంబరులో నాయన వచ్చాడు, కంటి శుక్లం ఆపరేషన్‌కి.

తొట్టె హాల్లో ఉంది. నాయన రోజూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. మావాడు చెయ్యి పట్టి లాగితే 'చూసినాలే అబ్బయ్యా, పుట్టినకాడ్నుంచి రొయ్యల్నే చూసినా' అని పేపరు తీసుకుని బాల్కనీలోకి పోయాడు. నాకు తప్పుచేసినట్టు అనిపించింది. కనీసం ఆయన ఉన్నన్నాళ్లయినా తొట్టె మీద దుప్పటి కప్పుదామా అనుకున్నాను కూడా.

నాయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. రోజూ తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు. లేచి మంచినీళ్లు తాగి, గుమ్మం తీసి, బయట కాసేపు నిలబడి వచ్చి మళ్లీ పడుకుంటాడు. 'ముసలాయనకి నిద్ర పట్టదులే' అంటుంది అమ్మ. ఆలోచిస్తే, ఆయనకి నలభై ఏళ్లప్పుడు కూడా అమ్మ ఇదే మాట అనేది.

ఆపరేషన్ అయిన పదోరోజు టెట్రాల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనబడ్డాయి. షాపుకి ఫోన్ చేస్తే 'వైట్ స్పాట్ మేడమ్, కామనే, ఒక సీసా ఉంది' అన్నారు. తెప్పించి, సీసా మీద రాసినన్ని చుక్కలు లెక్కపెట్టి మరీ పోశాను. చేపలకి ఎంత పోయాలో చూశాను. రొయ్యలున్న తొట్టెలో పోయొచ్చా అన్నది చూడలేదు. అది కూడా రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో: కాపర్ సల్ఫేట్.

రొయ్య నెత్తురు ఎర్రగా ఉండదు, నీలంగా ఉంటుంది. మన నెత్తుట్లో ఇనుము చేసే పని దాని ఒంట్లో రాగి చేస్తుంది. ఆ రాగే నీళ్లలో రవ్వంత ఎక్కువైతే దాని ప్రాణం తీస్తుంది. ఇది అప్పటికి నాకు తెలియదు.

ఆ రాత్రి భుజం తట్టి లేపాడు నాయన. టైము మూడు దాటింది.

'అమ్మా, లెయ్. నీళ్లల్లో ఏం పోసినావు?'

వెళ్లి చూస్తే తొట్టె అడుగున చెర్రీ రొయ్యలు పక్కకి ఒరిగి పడున్నాయి. ఒకటి వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తోంది. మేస్త్రీ నీళ్లలోంచి పైకి పాకి, ఫిల్టర్ గొట్టాన్ని పట్టుకుని ఆగిపోయి ఉంది.

నాయన అప్పటికే చేయి పెట్టి ఒకదాన్ని పైకి తీశాడు. సెంటీమీటరున్నర ఉంటుందేమో. అరచేతిలో పెట్టుకుని, బొటనవేలి గోటితో దాని తల మీది డిప్ప ఊడదీశాడు. ఆ చిన్న పెచ్చుని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, శుక్లం తీసిన కంటితో అటూ ఇటూ తిప్పి చూశాడు. చెయ్యి వణుకుతోంది.

'మచ్చల్లేవు' అన్నాడు. ఊపిరి వదిలాడు.

నేను సీసా తెచ్చి చూపించాను. పైన పెద్ద అక్షరాల్లో 'వైట్ స్పాట్' అని ఉంది. అది చదివి కుర్చీలో కూలబడ్డాడు.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. చేపల తెల్లమచ్చ వేరు, రొయ్యల తెల్లమచ్చ వేరు. మొదటిది కంటికి కనబడని పరాన్నజీవి పని, మందులకి లొంగుతుంది. రెండోది వైరస్. తైవాన్, చైనాల గుంటల్లో బయటపడి 1994కల్లా మన తూర్పు తీరానికి వచ్చింది. ఒకసారి గుంటలో అంటుకుంటే వారం, పది రోజుల్లో పంట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మందు లేదు. తలడిప్ప లోపలివైపు తెల్లటి చుక్కలు... అదే దాని గుర్తు.

ఆరెకరాలు లీజుకి తీసుకుని టైగర్ రొయ్య వేసిన నాయన, 1995 మొదట్లో ఆ చుక్కల్నే చూశాడు. నాకప్పుడు ఆరేళ్లు. నాకు గుర్తున్నది వాసనొక్కటే. ఎన్నిసార్లు తలంటుకున్నా నాయన బట్టల్లోంచి పోని కుళ్లు వాసన. తర్వాత అమ్మ గాజులు పోయాయి, మేం టౌన్లో అద్దెగదికి మారిపోయాం, నాయన రైసుమిల్లులో గుమస్తాగా చేరాడు. ఇంట్లో రొయ్యల కూర ఆగిపోయింది. అప్పులపాలైన మనిషి, ఆ పేరు వింటే బాధ అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఆ రాత్రి చెప్పాడు.

'మూడింటికి గుంట మీదికి పొయ్యేవాణ్ని. నీళ్లల్లో గాలి తగ్గేది ఆ టైములోనే' అని మొదలుపెట్టాడు. పగలంతా నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు తిరిగి దాన్ని పీల్చుకుంటుంది. తెల్లారబోయే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రొయ్యలు పైకి తేలుతున్నాయా, ఏరేటర్లు తిరుగుతున్నాయా అని రైతు టార్చిలైటు పట్టుకుని కట్ట మీద తిరగాల్సింది ఆ వేళకే. లైటు పడితే రొయ్య కళ్లు నీళ్లలో నిప్పుల్లా మెరుస్తాయట. 'గుంట మధ్యలో మెరిస్తే మంచిది. ఆ రోజు కట్ట అంచునంతా మెరిసినాయి' అన్నాడు.

అది డెబ్బై రోజుల పంట. నాలుగు నెలలు ఉంచితే కిలోకి ముప్పై తూగేవి, అప్పటికింకా సగానికి లేవు. ఒకదాని తలడిప్ప ఊడదీసి టార్చికి ఎదురుగా పట్టి చూశాడు. తెల్లారితే కొంగలు వాలతాయి, కొంగలు వాలితే ఊరందరికీ తెలుస్తుంది, తెలిస్తే కొనేవాడు రేటు కోస్తాడు. అందుకని ఆ చీకట్లోనే తూము ఎత్తేశాడు. నీళ్లు కాలవలోకి దిగితే దొరికినకాడికి వలకి పట్టుకోవచ్చని.

'ఆ టైములో కాలవకి పోటు. పక్కగుంట మీ మామ మోటారు ఏసుండాడు. కాలవ నీళ్లు తోడతా ఉండాడు. మోటారు మోత నాకు వినబడతానే ఉంది.'

పక్కగుంట మామ నాకు బాగానే గుర్తు. చుట్టం కాదు. నాయనతో కలిసి చదువుకున్నాడు. నన్ను సైకిలు ముందుకడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు.

'ఒక్క కేకేస్తే సరిపొయ్యేది. ఎయ్యలేదు.'

తొమ్మిదో రోజున ఆ గుంట కూడా పోయింది. మామ గేదెల్ని అమ్మేసి పెళ్లాంబిడ్డలతో మద్రాసు వెళ్లిపోయాడు. తూము సంగతి ఆయనకి తెలియదు. వెళ్లేరోజు నాయన చేతిలో గుంట మోటారు తాళంచెవి పెట్టి, 'నువ్వన్నా నిలదొక్కుకో' అన్నాడట.

నేను ఏదో ఓదార్చబోయాను. ఆ ఏడాది తీరం పొడవునా గుంటలన్నీ పోయాయి, ఆ నీళ్లు రాకపోయినా ఆయనదీ పోయేదేమో, వైరస్ అని అప్పుడు ఎవరికి తెలుసు, నేనూ ఇవాళ తెలియకే కదా మందు పోశాను అని. నాయన సీసా నా చేతిలో పెట్టాడు.

'పేరు తెలవదు గానీ జబ్బు నీళ్లని తెలుసు. నువ్వు తెలవక పోసినావు. నేను తెలిసే వదిలిపెట్టినా.'

కాసేపటికి లేచి, తొట్టె వైపు చూసి అడిగాడు. 'ఈ నీళ్లు యాడ పోస్తావు?'

ఆ నీళ్లు మొక్కల కుండీలకు కూడా పోయనివ్వలేదు. బాత్రూం గొట్టంలో వంపించాడు. రాగి రాళ్లకి పట్టుకుంటుందని నేను చదివి చెబితే, గులకరాళ్లు మొత్తం తీసి పారేయించాడు. చేపల్ని బకెట్లోకి మార్చి, మందు అక్కడే పోసి నయం చేశాం.

నాయన డిసెంబరు మొదట్లో ఊరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. తొట్టెకి వీపు పెట్టిన కుర్చీ ఇటు తిరిగింది.

మొదట నన్ను తిట్టాడు. 'గుంటకి నీళ్లు పెట్టిన రోజే పిల్లని వదల్తామా ఎవరన్నా? నీళ్లు రంగు తిరగొద్దా?' నేను పుస్తకాల్లో చదివిన సూక్ష్మజీవుల కథ, ఆయన చెప్పే నీళ్ల రంగు ఒకటి కాదు. అయినా ఆగమనే చెబుతాయి రెండూ. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోయేదాకా బకెట్లలో పట్టి ఉంచి, కొత్త రాళ్లు వేసి, మొక్కలు నాటి, ఆరు వారాలు ఆగాం. తొట్టెని కిటికీ దగ్గర్నుంచి జరిపి గోడవారకి చేర్చాం. లైటు ఏడు గంటలకి మించి వేయనివ్వలేదు. దాంతోనే నాచు సగం తగ్గిపోయింది! కాబట్టి నాచు తినే రొయ్యలు కొనాలనుకునే వాళ్లు ముందు కిటికీకి ఓ పరదా కొనుక్కోండి. రొయ్యలు మిగతాది చూసుకుంటాయి, అదీ అతిగా మేత వెయ్యకపోతేనే. కడుపు నిండితే అమానో లాంటి పనిమంతురాలు కూడా పాచి జోలికి పోదు. నల్లగా కుచ్చుల్లా పట్టే మొండి పాచినైతే అవి దాదాపు ముట్టవు. చేత్తో గీకాల్సిందే.

2024 జనవరిలో మళ్లీ పది చెర్రీలు తెచ్చాను. షాపు సంచి కత్తిరించి తొట్టెలో కుమ్మరించబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. హేచరీ నుంచి పిల్ల వస్తే ముందు సంచుల్ని గుంటలో తేలేసి, తర్వాత గుంట నీళ్లు కొంచెం కొంచెం కలిపి అలవాటు చేసేవాళ్లట. సన్నటి గొట్టానికి ముడివేసి, తొట్టె నీళ్లు చుక్క చుక్కగా సంచిలోకి పడేట్టు పెట్టాడు. గంటన్నర. అంతసేపూ మావాడూ ఆయనా నేల మీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టారు. నేను చదివిన వాటిలోనూ ఇదే పద్ధతి చెప్పారు. మొదటిసారి నాకు విసుగేసి మానేశాను, అంతే.

ఓ పొద్దున అడుగున తెల్లగా పడున్న రొయ్యని చూసి గావుకేక పెట్టాను. 'చచ్చిపోలేదులే, చొక్కా మార్చుకునింది' అన్నాడు నాయన. పెంకు విడిచిన రొయ్య ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు మొక్కల చాటున దాక్కుంటుంది. విడిచిన పెంకుని తీసెయ్యొద్దన్నాడు. దానిలో సున్నం కోసం వాటినవే కొరుక్కు తింటాయి. అమావాస్యకీ పున్నానికీ గుంటల్లో రొయ్యలు పెంకు విడుస్తాయని రైతుల లెక్క. మా ఫ్లాటులో చంద్రుడు ఎటు కనబడతాడో తెలియదు గానీ, ఆయన క్యాలెండరు చూసి చెప్పిన రోజు రెండుసార్లు నిజమైంది, మూడుసార్లు కాలేదు.

'ఆ పెద్దవి మళ్లీ తేలేదే?' అని మేస్త్రీ గురించి అడిగాడు ఓ రోజు. ఖరీదు ఒక కారణం, తొట్టెలో వాటి సంతతి బతకదన్నది రెండోది. వాగులో గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల నీటివాలుకి కొట్టుకుపోయి సముద్రం ఉప్పునీళ్లలో పెరిగి, తిరిగి వాగుకి ఎదురెక్కుతుంది అని చెప్పాను. నాయన తేలిగ్గా తల ఊపాడు. 'మన నీలకంఠ రొయ్య అంతే గదా. గుడ్లతో ఏట్లోంచి మొగకి దిగతాది, ఉప్పు తగలందే పిల్ల బతకదు.' జపాన్ రొయ్య ఆయనకి ఒక్క నిమిషంలో చుట్టమైపోయింది.

చెర్రీకి ఆ బాధ లేదు. మంచినీళ్లలోనే గుడ్లు, మంచినీళ్లలోనే పిల్లలు. ఫిబ్రవరిలో ఒకదాని తోక కింద పసుపు పచ్చటి గుడ్లు కనబడ్డాయి. పాతిక దాకా ఉంటాయి. తల్లి కాళ్లతో వాటిని విసురుతూ గాలి ఆడిస్తూనే ఉంటుంది. నెల తిరిగేసరికి అచ్చం తల్లి పోలికతో, కనురెప్ప వెంట్రుకంత పిల్లలు. వాటిని మొదట చూసింది నాయనే. తెల్లవారుజామున మూడింటికి, సెల్‌ఫోను టార్చితో.

ఆ ఏప్రిల్‌లో నాయన ఊరికి వెళ్లిపోయాడు. మే ఎండలకి తొట్టె నీళ్లు ముప్పై రెండు డిగ్రీలు దాటాయి. వేడినీళ్లలో ఆక్సిజన్ నిలవదు. ఫోన్లో ఆయన చెప్పినట్టే మేత సగానికి తగ్గించి, మూత తీసి పైన చిన్న ఫ్యాను పెట్టి, రాత్రంతా గాలిమోటారు ఆపకుండా నడిపాను. అయినా ఆరు చచ్చిపోయాయి. 'ఆరే గదా' అనలేదు నాయన. ఏ టైములో పోయినాయి, అంచున పోయినాయా మధ్యలోనా అని అడిగాడు.

ఇది రాస్తానని అడిగితే ముందు వద్దన్నాడు. మర్నాడు తనే ఫోన్ చేసి, 'నా సంగతి రాసుకో. ఊరి పేరొద్దు, వాడి పేరొద్దు' అన్నాడు. ఆ ఊరి పొలాల్లో ఇప్పుడు వనామీ గుంటలున్నాయి. 2009 తర్వాత వచ్చిన రొయ్య అది. వాటిని చూడ్డానికి నాయన ఒక్కసారీ వెళ్లలేదు.

మామ బతికే ఉన్నాడు. చెన్నైలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ నంబరు 2024 ఆగస్టులో నేనే సంపాదించి నాయనకిచ్చాను. గోడ క్యాలెండరు వెనక రాసుకున్నాడు. ఎప్పుడడిగినా 'చేస్తాలే' అంటాడు. మూడింటికి లేచినప్పుడు దాన్ని తిప్పి చూసుకుంటాడని అమ్మ చెప్పింది. 'ఆ టైములో ఎవరికి ఫోన్ చేస్తావు?' అంటే నవ్వాడట.

2025 జనవరిలో ఇంటికి కొత్త క్యాలెండరు వచ్చింది. పాతది తీసెయ్యబోతే నాయన ఆగమని, కళ్లజోడు పెట్టుకుని, ఆ నంబరు కొత్తదాని వెనక ఎక్కించుకున్నాడు.